మీరా హుస్సేన్ గారి ఐదుగురు సాక్షులు

మీరా హుస్సేన్‌కు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కానీ చిన్న కారణానికి వచ్చిన కోపాన్ని పారేసుకోకుండా, తగిన పెద్ద కారణం దొరికేదాకా భద్రంగా దాచుకునే అలవాటు మాత్రం ఉంది. ఇది వృత్తిరీత్యా వచ్చిన గుణం. ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపినవాడు ఏదీ పారేయడు.

ఇప్పుడాయనకు యాభై నాలుగు. బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల మీద మూడో అంతస్తులో, ఏడుగురు పంచుకునే ఫ్లాటులో ఉంటాడు. ఒక కంపెనీ తరఫున పన్నెండేళ్లుగా ఇళ్లకు ఫోటోలు తీస్తున్నాడు. అమ్మకానికీ అద్దెకూ పెట్టిన ఇళ్లు, పైనుంచి సముద్రం కనబడే పడకగదులు, మనిషికొక స్నానాలగది ఉన్న విల్లాలు. ఎమిరేట్స్‌లో ఇన్ని వేల గదులను లోకానికి చూపించిన ఈ మనిషికి సొంతమని చెప్పుకోదగ్గవి ఒక మంచమూ, మంచం కింద ఒక బిస్కెట్ డబ్బా. ఆ డబ్బాలో బిస్కెట్లు లేవు. ఏముందో కాసేపట్లో తెలుస్తుంది.

ప్రొద్దుటూరులో ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ ఒక్కటే శాసనం చేశాడు. నెగటివ్ పారేసే స్టూడియోవాడికి పుట్టగతులుండవు. దీనికి ఆధారం మతగ్రంథాల్లో దొరకదు గానీ అనుభవంలో దొరికేది. ఎవరింట్లోనో పెద్దాయన పోతాడు. దండ వేయడానికి ఒక్క ఫోటో ఉండదు. అప్పుడు కొడుకులు స్టూడియోకు వచ్చి, పదిహేనేళ్ల కిందట ఫలానావాళ్ల పెళ్లిలో మా నాయన గుంపులో నిలబడినాడు అంటారు. మీరా హుస్సేన్ డబ్బాలు దించి, ఆ పెళ్లి తీసి, మూడో వరుసలో ఒకరి భుజం వెనకనుంచి తొంగిచూస్తున్న ముఖాన్ని పట్టుకుని, పెద్దది చేసి, ఫ్రేము కట్టి ఇచ్చేవాడు. ఫోటోలో పడినవాణ్ణి లేకుండా చేయకూడదని ఆయనకు ఎముకల్లోకి ఇంకింది అలాగే.

సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడ్డాక, దుబాయ్ వచ్చాడు. ఇక్కడి పని వేరు. ఇక్కడి సమస్య ఎండ.

గది లోపల చీకటిగా ఉంటుంది, కిటికీ బయట భగభగమంటుంది. గదికి సరిపడా వెలుతురు పట్టిస్తే కిటికీ తెల్లటి పిండిముద్ద అయిపోతుంది. కిటికీకి సరిపడా పట్టిస్తే గది బొగ్గుల గిడ్డంగి అవుతుంది. మనిషి కన్ను రెండూ ఒకేసారి చూస్తుంది, కెమెరాకు అది చేతకాదు. అందుకని కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించి, ఒకే దృశ్యాన్ని ఐదుసార్లు తీస్తారు. మొదటిది చీకటిగా, రెండోది కొంచెం వెలుగుగా, అలా పెంచుకుంటూ పోయి ఐదోది కళ్లు చెదిరేంత తెల్లగా. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ ఫోటోలో ఏది బాగా పడిందో దాన్ని మాత్రం తీసుకుని ఐదింటినీ ఒకటిగా కలుపుతారు.

మీరా హుస్సేన్ దీన్ని న్యాయస్థానంతో పోల్చేవాడు. ఐదుగురు సాక్షులొచ్చినారప్పా, అనేవాడు ఫ్లాటులోని వాళ్లతో. చీకటి సాక్షి కిటికీ బయట ఏముందో చెప్తాడు, సోఫా కింద ఏముందో వానికి తెలీదు. వెలుగు సాక్షికి సోఫా కింద చెప్పు కూడా కనపడింది గానీ, కిటికీ ఉందనే సంగతే వాడికి తెలీదు. ఎవుని మాటా పూర్తిగా నమ్మకూడదు, ఎవుణ్ణీ అబద్ధాలకోరనకూడదు. ఫ్లాటులోని వాళ్లు మర్యాదగా విని, అన్నం చల్లారుతోందని గుర్తుచేసేవారు.

ఈ తీర్పును ఆయన చేత్తో చెప్పేవాడు. ఒక్కో గదికి గంట, గంటన్నర. కుంచెతో రుద్దినట్టు, ఇక్కడ రెండో సాక్షి, అక్కడ నాలుగో సాక్షి. 2022లో కంపెనీ యజమాని షాహబాజ్, హైదరాబాద్ మనిషి, గంటన్నర పనిని నిమిషన్నరలో చేసే సాఫ్ట్‌వేర్ కొన్నాడు. మీరా హుస్సేన్ పాత కోపాల్లో ఇది పెద్దది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న గడి ఉంటుంది. దాని పేరు డీఘోస్ట్, అంటే దయ్యాల తొలగింపు. ఐదు ఫోటోలు తీసే పదిసెకన్లలో ఎవరైనా కదిలితే, కలిపినప్పుడు ఐదుచోట్ల మసకమసకగా పడతారు. అది చూడ్డానికి దయ్యంలా ఉంటుంది కాబట్టి, ఆ గడిలో టిక్కు పెడితే యంత్రం వాళ్లను తీసేస్తుంది. న్యాయశాస్త్రంలో ఇది కొత్త సూత్రం. ఒక మనిషి ఎక్కడున్నాడో ఐదుగురు సాక్షులు ఐదు చోట్లు చూపిస్తే, అసలు ఆ మనిషే లేడని తీర్పు. ప్రాణమున్నది దయ్యం, కుర్చీ బల్లలు మాత్రం నిజం. మీరా హుస్సేన్ దీన్ని తిట్టుకుంటూనే రోజూ టిక్కు పెట్టేవాడు. రోజుకు ఆరు ఇళ్లు మరి.

2023 జూలైలో ఒక నలభై అంతస్తుల టవర్‌కు వెళ్లాడు. కింది లాబీ ఫోటో కావాలి. ఒకవైపు నేలనుంచి కప్పుదాకా అద్దం, బయట జూలై ఎండ. లోపల నల్లరాతి గోడలు, కౌంటర్, దాని వెనక గోడకు గడియారం. మనుషులు పడకూడదని సెక్యూరిటీ గార్డును కుర్చీతో సహా బయటికి పంపించారు. మిగిలింది క్లీనర్ లింబాద్రి. జగిత్యాల దిక్కు మనిషి, అల్ వర్సాన్ లేబర్ క్యాంపునుంచి తెల్లారకముందే బస్సులో వస్తాడు. పది నుంచి పదకొండు దాకా లాబీ తుడవడం ఆయన డ్యూటీ.

పక్కకు జరగాలా అని లింబాద్రి అడిగాడు. మాప్ కర్రను రెండు చేతులా పట్టుకుని, అనుమతి లేకుండా ఊపిరి కూడా తీయనివాడిలా నిలబడ్డాడు.

"నిలబడొద్దు," అన్నాడు మీరా హుస్సేన్. "నిలబడితేనే పడ్తావు. కదుల్తా ఉంటే మిషినే తీసేస్తాది. నీ పాటికి నువ్వు తుడుచుకోప్పా."

లింబాద్రి తన పాటికి తాను తుడుచుకున్నాడు. ఐదు ఫోటోలయ్యాయి. సాయంత్రానికి కలిసి ఒకటయ్యాయి. లాబీ దేదీప్యమానంగా వచ్చింది. బయట చెట్ల ఆకులు కనబడుతున్నాయి, లోపల నల్లరాయిలో గీతలు కనబడుతున్నాయి, నేల అద్దంలా మెరుస్తోంది. బిల్డింగ్ మేనేజర్ రామ్మోహనరావు ఆ నేలను ప్రత్యేకంగా మెచ్చుకుని, ఫోటోను టవర్ వెబ్‌సైట్‌లో పెట్టి, యజమానులందరికీ పంపించాడని షాహబాజ్ చెప్పాడు.

రెండు వారాల తర్వాత అదే టవర్‌లో ఒక ఫ్లాటు తీయడానికి మీరా హుస్సేన్ మళ్లీ వెళ్లాడు. సర్వీసు లిఫ్టు దగ్గర లింబాద్రి కాచుకుని ఉన్నాడు. చేతిలో నాలుగు మడతల కాగితం.

"సార్, మొన్న మీరు ఫోటో దీసిన్రు గద," అన్నాడు. "గా ఫోటోల నేను లేనట. గందుకు కాయిదమిచ్చిన్రు."

విషయమిది. లాబీలో క్లీనర్ ఎప్పుడూ కనబడడని పై అంతస్తు యజమాని ఒకాయన ఫిర్యాదు చేశాడు. రామ్మోహనరావు ఆధారం కోసం వెతికాడు. సీసీ కెమెరా రికార్డు తీయించాలంటే పైవాళ్ల సంతకం కావాలి, ఒక క్లీనర్ కోసం ఆ సంతకం అడిగే ధైర్యం ఎవరికీ లేదు. వెబ్‌సైట్‌లో ఫోటోకు సంతకంతో పని లేదు. ఫోటోలో గడియారం పది నలభై రెండు చూపిస్తోంది. లాబీ ఖాళీగా ఉంది. డ్యూటీ సమయంలో మనిషి లేడు. ఫోటోను ప్రింటు తీసి, కాగితానికి కుట్టి, మూడు రోజుల్లో జవాబివ్వమన్నారు.

అది మూడో హెచ్చరిక కాగితం. మొదటిది, బూటు తాడు కట్టుకోవడానికి లాబీ సోఫా అంచున కూర్చున్నాడని. రెండోది, టోపీ లేకుండా కనబడ్డాడని. అంటే, మొదటి రెండు కాగితాలూ కనబడినందుకు, మూడోది కనబడనందుకు. మూడో కాగితానికి సరైన జవాబు లేకపోతే ఉద్యోగం ఖలాస్, వీసా ఖలాస్, ఇంటికి పంపించేస్తారు. పదకొండేళ్లుగా ఏ నేలను తుడిచాడో ఆ నేల మీద ఆ మనిషి లేడని నేల ఫోటోయే సాక్ష్యం చెప్పింది.

"నేనేడికి వోలే సార్," అన్నాడు లింబాద్రి. "మీరే తుడువుమన్నరు, నేను తుడిసిన."

దాచుకున్న కోపాలన్నిటికీ తగిన కారణం మీరా హుస్సేన్‌కు ఆ క్షణంలో దొరికింది. ఫ్లాటు ఫోటో ఎలా తీశాడో ఆయనకు తెలియదు. సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాడు. దాన్ని కొన్న షాహబాజ్‌ను తిట్టుకున్నాడు. మనిషిని అడగకుండా ఫోటోను అడిగిన రామ్మోహనరావును తిట్టుకున్నాడు. తిరిగి ఆఫీసుకు వెళ్లేదాకా మెట్రోలో పక్కన నిలబడ్డవాళ్లు కొంచెం దూరంగానే జరిగి నిలబడ్డారు.

షాహబాజ్ సావధానంగా విన్నాడు. విని, ఆ లాబీ తాలూకు ఐదు ఫోటోలూ లేవన్నాడు. ఆఫీసు కంప్యూటర్లో చోటు చాలక, కలిపిన ఫోటో క్లయింటుకు వెళ్లగానే విడి ఫోటోలు చెరిపేయడం కంపెనీ పద్ధతి. ఉన్నా ఇవ్వడానికి లేదు. మనిషిని తీసేశామని కాగితం మీద ఒప్పుకుంటే, రేపు ఇంకో క్లయింటు వచ్చి గోడమీద పగుళ్లు కూడా తీసేశారా అంటాడు. ఎల్లుండి ఇంకొకడు ఏసీ కింద మరక సంగతి అడుగుతాడు. వ్యాపారం ఎలా నడవాలి?

"నా దగ్గర ఉండాయి," అన్నాడు మీరా హుస్సేన్.

"ఏం ఉన్నయి?"

"ఐదూ ఉండాయి. ఇంట్లో."

షాహబాజ్ కుర్చీలో ముందుకు వంగాడు. "హుస్సేన్ భాయ్, అవి కంపెనీ సొత్తు. బయటికి తీసినవంటే నీకూ నాకూ ఖలాస్. సోచ్ లో."

సోచ్ లో అంటే ఆలోచించుకో అని. ఆలోచించుకోవడానికి మీరా హుస్సేన్ ఆ సాయంత్రం ప్రొద్దుటూరుకు ఫోన్ చేశాడు. భార్య ఖతీజాబీ ఒకప్పుడు స్టూడియో కౌంటర్లో కూర్చుని, ఎవరి పెళ్లి ఏ డబ్బాలో ఉందో పుస్తకం చూడకుండా చెప్పిన మనిషి. ఆయన చెప్పిందంతా వింది. సాఫ్ట్‌వేర్ దుర్మార్గం గురించి పావుగంట, షాహబాజ్ దుర్మార్గం గురించి పావుగంట, చదువుకున్న రామ్మోహనరావు అవివేకం గురించి ఇంకో పావుగంట.

"సరే," అంది చివరికి. "టిక్కు పెట్టిందెవురు?"

మీరా హుస్సేన్ ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చాడు.

"కదుల్తా ఉండమని చెప్పిందెవురు?"

ఫోన్ పెట్టేసి మంచం అంచున కూర్చున్నాడు. కోపం ఎక్కడికీ పోలేదు, చిరునామా మార్చుకుంది అంతే. తర్వాత వంగి మంచం కిందినుంచి బిస్కెట్ డబ్బా లాగాడు. లోపల చెమ్మ తగలకుండా చిన్న గుడ్డసంచిలో పోసిన బియ్యం, బియ్యం పక్కన మూడు హార్డ్ డిస్కులు. పన్నెండేళ్లలో తీసిన ప్రతి గదికీ ఐదేసి ఫోటోలు. కంపెనీ చెరిపేసేవన్నీ ఆయన ఇంటికి తెచ్చుకుని ఆ డబ్బాలో పెట్టుకుంటూ వచ్చాడు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి అడుగుతారని ఉస్తాద్ చెప్పాడు కదా. పన్నెండేళ్లలో అడగడానికి వచ్చిన మొదటి మనిషి లింబాద్రి.

మూడో రోజు పొద్దున లింబాద్రిని వెంటబెట్టుకుని రామ్మోహనరావు గదికి వెళ్లాడు. రామ్మోహనరావుది గుంటూరు వైపు. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మీరా హుస్సేన్‌ను. లింబాద్రి నిలబడ్డాడు.

మీరా హుస్సేన్ లాప్‌టాప్ తెరిచి ఐదు ఫోటోలూ వరసగా చూపించాడు. మొదటిదాంట్లో లాబీ అంతా చీకటి, తలుపు దగ్గర లింబాద్రి అచ్చుగుద్దినట్టున్నాడు గానీ నల్లటి బొమ్మ. రెండోదాంట్లో స్తంభం పక్కన వంగి ఉన్నాడు. మూడోదాంట్లో లాబీ మధ్యలో, అంచులు చెదిరిపోయి. వెలుతురు పెంచాలంటే కెమెరా ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచాలి, ఆలోపు పనిచేసేవాడు ఆగడు. నాలుగోదాంట్లో కౌంటర్ ముందు ఒక మసక. ఐదోదాంట్లో గోడలు, దీపాలు, కుర్చీలు వెలిగిపోతున్నాయి, లింబాద్రి ఉన్నచోట మాత్రం పొగ. లాబీ ఎంత వెలిగితే ఆ మనిషి అంత కరిగిపోయాడు.

రామ్మోహనరావు ఐదింటినీ శ్రద్ధగా చూశాడు.

"ఏమండీ హుస్సేన్ గారూ," అన్నాడు, "ఒకదాంట్లో పట్టపగలు చీకటి పడిపోయింది. ఇంకోదాంట్లో మంచు కురుస్తోంది. ఇవి సాక్ష్యాలంటే ఎలా నమ్మమంటారు? చూడ్డానికి నిజంలా ఉన్నది వెబ్‌సైట్‌లో ఉన్న ఒక్కటే కదండీ."

మీరా హుస్సేన్ ముప్పై ఐదేళ్లుగా చేస్తున్న వృత్తిని గురించి ఇంత సంక్షిప్తంగా ఎవరూ తీర్పు చెప్పలేదు. నిజమైనవి ఐదూ నమ్మశక్యంగా లేవు. నమ్మశక్యంగా ఉన్నదాన్ని తనే వండాడు. ఒకసారి లింబాద్రి వైపు చూశాడు. లింబాద్రి నేలవైపు చూస్తున్నాడు, బహుశా అలవాటు కొద్దీ, మరకలేమైనా ఉన్నాయేమోనని.

"సరే, అయితే దాన్నే చూడండి సార్," అని వెబ్‌సైట్ ఫోటో తెరిచి నేలను పెద్దది చేశాడు. "మీరు మెచ్చుకున్న మెరుపు ఇదే గదా. ఇది రాతి మెరుపు కాదు, తడి. ఈ స్తంభం కాడ్నించి కౌంటర్ దాకా తడి, ఆ పక్కంతా పొడి. ఎవురూ లేకుంటే సగం నేల ఎట్ల తడిసింది? ఇదిగో, ఈ మూల పసుపు బోర్డు. తడి నేల, జాగ్రత్త అని. అది ఎవురు పెట్టినారు? బోర్డు కదల్లేదు, మిగిలింది. ఈయప్ప కదిలినాడు, పోయినాడు. ఏ పనీ చేయకుండా స్తంభం మాదిరి నిల్చోనుంటే మీ ఫోటోలో శుభ్రంగా ఉండేవాడు. పని చేసినాడు కాబట్టే లేకుండా పోయినాడు. తీసేసింది నేను సార్. టిక్కు పెట్టింది నేను. రాసిస్తా."

రామ్మోహనరావు ఆ పసుపు బోర్డును చాలాసేపు చూశాడు. ఆ ఫోటోను ఆయన రెండు వారాలుగా రోజూ చూస్తున్నాడు. బోర్డు దానంతటదే నడిచి రాదని ఆయనకు ఇప్పుడే తట్టింది. ముఖం కొంచెం ఎర్రబడింది కూడా. కానీ ఆఫీసు మనిషికి తట్టినదానికీ ఆఫీసు ఒప్పుకునేదానికీ మధ్య ఒక కాగితం ఉండాలి.

మీరా హుస్సేన్ రాశాడు. ఫలానా తేదీన పది గంటల నలభై రెండు నిమిషాలకు లింబాద్రి లాబీ తుడుస్తుండగా తాను ఫోటోలు తీసినట్టు, తర్వాత ఆయన్ని ఫోటోనుంచి తానే తొలగించినట్టు, అందులో లింబాద్రి తప్పేమీ లేనట్టు. కింద సంతకం పెట్టి, అలవాటు ప్రకారం స్టూడియో ముద్ర కోసం జేబు తడుముకుని, స్టూడియో లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

మూడో కాగితం పక్కన పెడుతున్నట్టు రామ్మోహనరావు ప్రకటించాడు. రద్దు చేస్తున్నట్టు అనలేదు, క్షమించమని అసలే అనలేదు. పక్కన పెట్టినది ఫైల్లోనే ఉంటుంది. పైగా ఫైల్లో మనిషి ఉన్నాడనే వాంగ్మూలం పక్కన మనిషి లేని ఫోటో ఉంటే ఆడిట్‌లో ఇబ్బంది కాబట్టి, మనిషి ఉన్న ఫోటో ఒకటి చేసి ఇవ్వమన్నాడు. అది ఫైలుకు మాత్రమే. వెబ్‌సైట్‌లో ఉన్నది అలాగే ఉండనివ్వండి అన్నాడు, యజమానులకు ఖాళీ లాబీయే నచ్చింది మరి.

మీరా హుస్సేన్ ఏదో అనబోయాడు. లింబాద్రి వెనకనుంచి ఆయన చొక్కా మెల్లగా లాగాడు. దాంతో అనలేదు.

విషయం షాహబాజ్‌కు చేరింది. ఇంకోసారి విడి ఫోటోలు గడప దాటితే కంపెనీలో చోటుండదని హెచ్చరించి, డబ్బాలో ఉన్నవన్నీ తెచ్చి అప్పగించమన్నాడు. మీరా హుస్సేన్ తెస్తానన్నాడు. ఏ రోజు తెస్తాడో చెప్పలేదు. షాహబాజ్ కూడా తేదీ అడగలేదు. చేత్తో కలపగలవాళ్లు కంపెనీలో ఆయన తప్ప ఎవరూ లేరు.

శుక్రవారం లింబాద్రి బర్ దుబాయ్ వచ్చాడు. ఇద్దరూ మంచం మీద లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. మీరా హుస్సేన్ ఆ చిన్న గడిలో టిక్కు తీసేశాడు. తర్వాత సాఫ్ట్‌వేర్‌నే మూసేసి, పాత పద్ధతిలో ఐదు ఫోటోలనూ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. నేల ఒక సాక్షినుంచి, అద్దం ఇంకో సాక్షినుంచి, గడియారం మూడో సాక్షినుంచి. అన్నీ కుదిరాక లింబాద్రి వంతు వచ్చింది.

"ఐదుచోట్ల ఉండావు," అన్నాడు. "ఒకణ్ణే పెట్టాల. నాలుగూ ఐదూ పొగ, మూడోది చెదిరింది, పనికిరావు. మిగిలింది రెండు. మొదటిదాంట్లో తల ఎత్తినావు. నల్లగా ఉంది గానీ నేను వెలుగు పెంచితే ముఖం తెలుస్తాది. రెండోదాంట్లో వంగినావు, ముఖం కనపడదు. ఏది పెట్టమంటావు?"

లింబాద్రి రెండు ఫోటోలకూ దగ్గరగా వంగి చూశాడు. తెరమీద వేలు పెట్టబోయి, వేలి మరక పడుతుందని వెనక్కి తీసుకున్నాడు.

"ఇంటికి పంపేదైతే మొదటిది వెడ్దుము సార్, మా ఇంటామె లక్ష్మవ్వకు మొకం గానొస్తది," అన్నాడు. "ఫైలుకైతే రెండోది వెట్టున్రి. మాప్ నేలకు ఆనింది. టోపీ గూడ ఉన్నది."

మీరా హుస్సేన్ రెండోది పెట్టాడు. ఫైలు కోసం. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే, మొదటిది కూడా చేయడం మొదలుపెట్టాడు. చీకట్లోంచి ముఖాన్ని కొద్దికొద్దిగా పైకి తెస్తూ, పళ్లు బిగించి, ఎవరినో తిట్టుకుంటూ. ఎవర్నో లింబాద్రి అడగలేదు.